ఉప్పాడ తీరాన రెండు కుడిచేతులు

మా పేటలోని బాప్టిస్టు సంఘమూ పిఠాపురం పట్టణంలోని బాప్టిస్టు సంఘమూ కలిసి సువార్త సేవ చేయాలని తీర్మానించుకున్న రోజుల్లోనే నేను బి.ఏ. పూర్తి చేసి ఇంటికి వచ్చాను. తొంభైల చివరి సంవత్సరాలవి. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని కావడం వల్ల ఉభయ సంఘాల కమిటీకి నన్నే కార్యదర్శిగా ఎన్నుకున్నారు. వరికోతలకు వెళ్ళే మా నాన్న ఆ మాట విని, ఆ రోజంతా ఎవరితోనూ గట్టిగా మాట్లాడకుండా, తనలో తానే నవ్వుకుంటూ తిరిగాడు.

కలిసి పనిచేయవలసిన చోటు ఉప్పాడ పక్కనున్న ఒక మత్స్యకారుల పల్లె. జీపు, మైకు సెట్టు పట్టణ సంఘానివి. పాడే గొంతులు, డోలక్, ఇంటింటికీ నడిచి వెళ్ళే ఆడవాళ్ళు మా సంఘానివి. బ్యానరు మీద రెండు సంఘాల పేర్లూ ఒకే వరుసలో, ఒకే పరిమాణంలో రాయించాలని కమిటీ నిర్ణయించింది. బ్యానరు వచ్చిన రోజున మా పాస్టరుగారు దాన్ని నేల మీద పరిపించి, జానతో కొలిచి చూశారు. "మన పేరు రెండు వేళ్ళు తగ్గినట్టుందేంటయ్యా?" అని నన్ను అడిగారు. మన పేరులో అక్షరాలే తక్కువండీ అని నేను వినయంగా మనవి చేశాను. అప్పటికి అది నవ్వుకోదగిన విషయంగానే తోచింది.

ఆ పల్లెలో ఎండుచేపలు అమ్ముకునే ఒక పెద్దావిడతో మా అమ్మకు స్నేహం కలిసింది. ఆమె మొదటి ఇంటిని సముద్రం కోసుకుపోయింది. రెండో ఇంటి అరుగు మీద కూర్చుని వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవారు. కొంతకాలానికి ఆమె బాప్తిస్మం కావాలని అడిగింది. ఆమె కొడుకు పడవ మీద వేటకు వెళ్ళేవాడు. అతనికి మా మతంలో ఆసక్తి లేదు గానీ, తల్లి ఇష్టానికి అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పింది పల్లె పెద్దలు. నీళ్ళలో మునిగి వస్తే రేపు ఆమె శవానికి ఎవరూ భుజం పట్టరనీ, పల్లె శ్మశానంలో చోటుండదనీ హెచ్చరించారు. ఆమెకు ఉన్న భయం అదొక్కటే. "మీ వాళ్ళలో కలిశాక మీ వాళ్ళే సూసుకుంటారు కదమ్మా?" అని ఆమె అడిగితే, ఎందుకు చూసుకోరు అని మా అమ్మ ధైర్యం చెప్పింది.

మా ఆచారం ప్రకారం, నీళ్ళలో ముంచిన తరువాత కొత్త విశ్వాసికి సంఘం పక్షాన పాస్టరుగారు కుడిచెయ్యి అందిస్తారు. ఆ చెయ్యి పట్టుకున్న నాటి నుండి ఆ మనిషి ఆ సంఘానికి చెందుతుంది. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం అక్కడే, పెళ్ళి అక్కడే, సమాధి అక్కడే. డీజిలు ఎవరు పోయించాలో, భోజనాలు ఎవరు వండాలో మేము ముందుగానే మాట్లాడుకున్నాం. ఆ పల్లెలో సంఘమింకా లేదు గనుక ఆమెకు కుడిచెయ్యి ఎవరు ఇవ్వాలన్నది మాత్రం మాట్లాడుకోలేదు.

ఆ ఉదయం రాళ్ళకట్ట పక్కన, అల నెమ్మదించిన చోట, ఆమె తెల్లచీరతో నడుము లోతు నీళ్ళలో నిలబడింది. చెరొక పక్కన ఇద్దరు పాస్టరుగార్లు దిగారు. కట్ట మీద పల్లె జనం, ఆమె కొడుకు, మేము.

"పెద్దవాణ్ణి కదా, నేను ముంచి కుడిచెయ్యి ఇచ్చేస్తానండి," అన్నారు పట్టణం పాస్టరుగారు.

"మీరు పెద్దవారే, కాదన్లేదండి. ముంచడం మీరే ముంచండి. కుడిచెయ్యి మాత్రం మేం ఇస్తాం. ఆవిణ్ణి నడిపించింది మా ఆడవాళ్ళు కదండీ," అన్నారు మా పాస్టరుగారు.

"అదెలా కుదురుద్దండీ? ముంచే చెయ్యి ఒకరిదీ, ఇచ్చే చెయ్యి ఇంకొకరిదీనా?"

"మీకు ఏటా బాప్తిస్మాలు ఉంటూనే ఉంటాయండి. మాకు ఈ ఏడు ఇదొక్కటే. సంఘాలన్నీ లెక్కలు చెప్పే మహాసభలో లేచి నిలబడి ఏం చెప్పమంటారు?"

గొంతులు పెరిగాయి. మధ్యలో ఆమె వణుకుతోంది. కట్ట మీద నుంచి కొడుకు కేక వేశాడు: "ఏవండీ పాస్టరుగార్లూ! మా వంజరం వేలం కూడా ఇంతసేపు సాగదండి. చేప కుళ్ళిపోద్ది!"

జనమంతా ఘొల్లున నవ్వారు. మా వాళ్ళలో ఒక్కరి ముఖమూ పైకి లేవలేదు.

అప్పుడు ఆమె అంది: "నాకు ఎవరైనా ఒకటేనండి అయ్యగారూ. నేను పోయినప్పుడు ఎవరొస్తారు? నన్నెక్కడ పెడతారు? అది సెప్పండి. ఆళ్ళ సెయ్యే పట్టుకుంటాను."

మా పేట సమాధుల దొడ్డి కాలువగట్టున పేలికంత నేల. పక్క పొలం గట్టు ఏటేటా దానిలోకి జరుగుతోంది. మావాళ్ళనే ఒకరి మీద ఒకరిని పెడుతున్నాం. పట్టణం సంఘం సమాధుల తోటలో పాత కుటుంబాలు ఒప్పుకోనిదే కొత్త గొయ్యి తీయరు. ఇవి కట్ట మీద నిలబడిన మా అందరికీ తెలుసు.

"దేవుడు చూసుకుంటాడమ్మా," అన్నారు మా పాస్టరుగారు, గొంతు తగ్గించి.

"అది కమిటీలో పెట్టి మాట్లాడవలసిన విషయమమ్మా. ఏం సెక్రటరీగారూ?" అన్నారు పట్టణం పాస్టరుగారు. నేను తల ఊపాను.

కొడుకు నవ్వడం మానేశాడు. "కమిటీ ఎందుకండీ? మా అమ్మని మోసేది నేను, పాతిపెట్టేది నేను. పెద్దలతో గొడవైతే నేనే పడతాను. ఆవిడ సలికి సచ్చిపోయేలా ఉంది. ముందు ముంచండి."

ఇద్దరూ చెరొక భుజం పట్టుకుని ముంచారు. ఆమె లేచి నిలబడగానే, అలవాటు కొద్దీ కాబోలు, రెండు కుడిచేతులూ ఒకేసారి ముందుకు వచ్చాయి. ఆమె ముఖం మీది నీళ్ళు తుడుచుకుని, ఇద్దరికీ దణ్ణం పెట్టి, వాళ్ళ మధ్య నుంచి కట్ట వైపు నడిచింది. పాకుడు రాళ్ళ మీద కాలు జారుతుంటే కొడుకు వంగి చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని పైకి వచ్చింది.

ఆ మధ్యాహ్నం వాళ్ళ ఇంటి ముందే మాకు భోజనాలు పెట్టారు. ఎవరు వండాలో కమిటీ చేసిన నిర్ణయం అతను వినలేదట. "మొహమాటపడకండి, మా అమ్మ పండగిది," అంటూ చేపల పులుసు తానే వడ్డించాడు. మేము తలలు వంచుకుని తిన్నాం.

సాయంత్రం జీపులో తిరిగి వచ్చాం. మా పేట మలుపు దగ్గర దిగి నడుస్తుండగా అమ్మ అంది: "మేమొస్తాం అని మనోళ్ళు ఒక్కరూ అనలేదేంట్రా? నాకూ నోరు రాలేదు. అరుగు మీద కూర్చుని అన్ని మాటలు చెప్పానే!"

మరుసటి ఆదివారం మా గుడిలో, ఒక ఆత్మ మన సంఘం ద్వారా రక్షించబడిందని కృతజ్ఞతా ప్రార్థన చేశారు. పట్టణంలోనూ అదే ప్రార్థన జరిగిందని తరువాత విన్నాను. మా గుడిలో అందరం ఆమేన్ అన్నాం. నేను ఆడవాళ్ళు కూర్చున్న వైపు చూశాను. అమ్మ చీర కొంగును నెత్తి మీదికి లాక్కుని, ముఖం కనపడనంతగా కిందికి దించుకుని కూర్చుంది.