అక్క శ్రీమంతం, నా వైవా

ఎమ్మెస్సీ చదివే రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. రోజును బొబ్బట్ల పిండిలా సమానంగా ఉండలు చేసి పెట్టుకుంటే చదువుకొకటి, ఇంటికొకటి, నిద్రకొకటి చక్కగా సరిపోతాయని. రాజమండ్రి హాస్టల్లో ఉన్నంతకాలం ఆ పద్ధతి బాగానే నడిచింది (ఇంటి పని అంటే అమ్మకు ఫోన్ చేయడమే కాబట్టి). అలాంటి నాకు, మా అక్క శ్రీమంతం రోజునే ప్రాజెక్టు వైవా పడింది. అది దాటితేనే డిగ్రీ, డిగ్రీ వస్తేనే భీమవరం ల్యాబ్‌లో ఉద్యోగం. అయినా నేను కంగారు పడలేదు. "ఆన్‌లైనేగా అమ్మా! మీరు పసుపు, కుంకుమ సర్దేలోపు అయిపోతుంది" అని ధీమాగా చెప్పి, పట్టుచీర కట్టుకుని, చేతినిండా గాజులతో మేడమీద గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

ఎగ్జామినర్ గారు ఆలస్యంగా వచ్చారు. నేను రొయ్యల చెరువుల గురించి మొదలుపెట్టి చేయి ఊపినప్పుడల్లా గాజులు గలగలలాడుతున్నాయి. "ఆ చప్పుడేంటమ్మా, నెట్ ప్రాబ్లమా?" అన్నారాయన. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఈలోగా కింద పేరంటాళ్ళు వచ్చేశారు. "చెల్లి పక్కన లేకుండా నేను గాజులు వేయించుకోనంటే వేయించుకోను" అని అక్క మొండికేసిందట. అమ్మ బతిమాలినా వినకుండా, నిండు పొట్టతో ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చి నా వెనక కుర్చీలో కూర్చుంది. ఆమె వెంట పళ్ళేలు పట్టుకుని అందరూ వచ్చేశారు. గది నిండిపోయింది. ఎవరూ కిక్కురుమనలేదు. అదే నా కొంప ముంచింది.

"చెరువులో ఆక్సిజన్ తెల్లవారుజామున ఎందుకు పడిపోతుంది?" అని అడిగారాయన. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే జవాబు. కానీ వెనక అంతమంది ఊపిరి బిగబట్టుకుని ఉంటే, నా నోట మాట రాలేదు.

"చెప్పవే! పొద్దున్నుంచీ బాత్రూంలో కూడా అదేగా వల్లించావు!" అంది అమ్మమ్మ.

ఎగ్జామినర్ గారు ఫక్కున నవ్వారు. "నమస్కారమండి, అమ్మమ్మగారా?"

"అవునండి. శుభకార్యం వేళకి వచ్చారు, భోంచేసే వెళ్ళాలండి."

"నేను విశాఖపట్నంలో ఉన్నానండీ."

"అయితే ఏంటండి? ఇప్పుడు బయల్దేరితే సాయంత్రానికి వచ్చేస్తారు. మీ విస్తరి తీసి ఉంచుతాం."

స్క్రీన్ మూలన చిన్న గడిలో మా గైడ్ మేడం గారు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే నోరు పెగిలి, చీకట్లో నాచు ఆక్సిజన్ తయారుచేయడం ఆపేస్తుందని, చెరువులోని ప్రాణులన్నీ ఉన్నది వాడేసుకుంటాయని గడగడా చెప్పేశాను. పాసయ్యాను. ఉద్యోగమూ వచ్చింది.

మొన్న ఆ శ్రీమంతం ఆల్బం తీశాం. ఒక ఫొటోలో అక్క రెండు చేతులూ చాచి కూర్చుంది. గాజులు తొడుగుతున్న అత్తయ్యతో సహా అందరూ నావంకే చూస్తున్నారు. నేను మాత్రం స్క్రీన్ వైపు వేలెత్తి ఏదో చెబుతున్నాను.

"పిన్నీ, ఎవర్ని తిడుతున్నావు?" అంది అక్క కూతురు.

"ఎవర్నీ కాదే, పరీక్షలో జవాబు చెబుతున్నాను" అన్నాను.

ఆ ఫొటోలోని పిల్ల పమిట సర్ది, ఒక్కసారి వెనక్కి తిరిగి చూడవే, ఎంతమంది ఉన్నారో అని చెప్పాలనిపించింది.