మకుటంలో నా పేరు

మొన్న పరీక్షలకు చదువుకుంటున్న మా మనవరాలు, నాటకానికీ పద్యానికీ సంబంధించిన మాటలు వరసగా అడగమని పాఠ్యపుస్తకం నా చేతిలో పెట్టింది. నాంది, స్వగతం దాకా బాగానే అడిగాను గానీ, మకుటం దగ్గరికి వచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఆగిపోయాను. ఈ వయసులో కూడా ఆ మాట వింటే నాకు చెవులు వేడెక్కుతాయంటే నవ్వుకోకండి.

యాకుత్‌పురా స్టేషన్‌కు దగ్గరలో మాకు ఎండుమిరపకాయల టోకు దుకాణం ఉండేది. మా తరం పాతబస్తీ పిల్లలకు కవిత్వం మొదట చెవిన పడింది ఉర్దూలోనే కదా. ఎదుటి అత్తరు దుకాణం చాచా, బేరాలు లేని మధ్యాహ్నాల్లో గజళ్లు చదివి, ఆఖరి షేర్‌లో, అంటే చివరి రెండు పాదాల్లో, రాసిన శాయరు తన పేరు పెట్టుకుంటాడనీ, దాన్ని తఖల్లుస్ అంటారనీ, అది రాగానే వాహ్వా అనాలనీ నేర్పాడు. కాలేజీలో చేరాక, శతకంలో ప్రతి పద్యం చివరా మకుటం ఉంటుందని విన్నప్పుడు, ఓహో ఇదీ అదేనన్నమాట అనుకుని, పెద్ద తెలిసినవాడిలా తలాడించాను. ఎవరినైనా అడిగితే నా సొమ్మేం పోయేదో!

నా చదువు అప్పటికే దినదినగండంగా ఉంది. నన్ను దుకాణంలో గల్లా దగ్గర కూర్చోబెట్టాలని, నేను బాపు అని పిలిచే మా నాన్న పట్టుబట్టి, చివరికి, "మీ కాలేజీల ఏం నేర్పుతున్నరో ఒక్కపారి నా చెవులతోని ఇంట. నచ్చితే సదువు, లేకుంటె దుకాణంల కూసో" అని, కాలేజీ పద్యాల సభకు వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు.

నేను స్వయంగా అల్లిన పద్యాలు రాగం తీసి చదివాను. మకుటాన్ని భక్తిగా పలకాలని ఎవరో చెప్పగా విన్నాను కనుక, ప్రతి పద్యం చివరా కళ్లు మూసుకుని, రెండు చేతులూ జోడించి, నా పేరు నేనే పలికాను. సభ గొల్లుమంది. కోస్తా నుంచి వచ్చిన మా తెలుగు మాస్టారు లేచి, "ఏమయ్యా, దేవుణ్ణి పిలవాల్సిన చోట నిన్ను నువ్వే పిలుచుకుని దణ్ణం పెట్టుకుంటున్నావే, హారతి కూడా ఇప్పించమంటావా?" అన్నారు. భూమి చీలితే బాగుండుననిపించింది. అంతకన్నా ఘోరం, ఏమీ అర్థంకాని బాపు, జనం మెచ్చుకుంటున్నారనుకుని, అందరికన్నా గట్టిగా నవ్వుతూ చప్పట్లు కొట్టడం.

ఇంటికి వస్తుంటే రిక్షాలో, "మస్తు నవ్వించినవ్ బిడ్డా. సదువుకో, ఇగ నేనొద్దన" అన్నాడు. కోరుకున్న వరం చేతికందింది. కానీ వాళ్లెందుకు నవ్వారో చెప్పే ధైర్యమూ లేక, ఆ క్లాసులో మళ్లీ అడుగుపెట్టే ముఖమూ లేక, మర్నాడు నాకు నేనే వెళ్లి గల్లా దగ్గర కూర్చున్నాను. ఎందుకని బాపు ఎన్నిసార్లో అడిగాడు. ఆయన పోయేదాకా చెప్పలేకపోయాను.

ఇప్పుడు ఆ అత్తరు దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు వెలిసింది. మొన్న మనవరాలికి ఈ కథంతా చెప్పాను, ఆ పిల్లయినా నవ్వేసి నా బరువు దించుతుందేమోనని. శ్రద్ధగానే విని, "ఇందులో నవ్వేదేమున్నది తాతా?" అని, మకుటం రెండు మార్కుల ప్రశ్నేనంటూ తరవాతి మాటకు వెళ్లిపోయింది. మా రోజుల్లో తప్పు చదివితే గొల్లుమనేంతగా పద్యం తెలిసినవాళ్లు సభ నిండా ఉండేవారు. ఆ నవ్వుకు సిగ్గుపడి నేను చదువే మానుకున్నాను గానీ, ఈ పిల్ల నవ్వనందుకు మొన్న నాకు అంతకన్నా దిగులేసింది.