సరస బంతి వదిలిన రోజు

కోలారు బంగారు గనులు మూతపడి అప్పటికి నాలుగేళ్లు. నేను ఆ గనుల ఊరు కేజీఎఫ్‌లో ఒక హైస్కూల్లో డ్రిల్లు మాస్టరుని. రాబర్ట్‌సన్‌పేటలో జవుళి కొట్టు నడిపే రుక్మిణమ్మగారు ఒకరోజు కబురు పెట్టారు. ఆవిడ తమ్ముడు బుద్ధిమాంద్యంతో పుట్టి, ఇంట్లోనే పెరిగి, ఇంట్లోనే పోయాడు.

"వాడు ఒక్కనాడన్నా బంతి పట్టుకోలేదప్పా. మేమే బయటికి పంపలేదు," అన్నారావిడ.

ఆ బాధతోనే కొట్టు కోడలికి అప్పగించి, అలాంటివాళ్లకు ఆదివారాలు ఆటలు నేర్పించడానికి పూనుకున్నారు. నన్ను కోచ్‌గా పెట్టుకున్నారు.

వచ్చినవాళ్లలో సరస ఒకతె. ముప్పై దాటిన మనిషి. తండ్రి మునెప్ప కామసముద్రం నుంచి బస్సులో తీసుకొచ్చేవాడు. "దీనికేమీ తెలీదు సార్. ఊరికే నీడలో కూచోబెట్టండి," అన్నాడు మొదటిరోజే.

ఆమెకు బోచీ నేర్పుదామనుకున్నాను. ముందు ఒక చిన్న తెల్ల బంతిని వేస్తారు. పెద్ద బంతుల్ని దొర్లించి దానికి దగ్గరగా చేర్చినవాళ్లది గెలుపు. అలవాటుగా విజిల్ ఊదాను. సరస చెవులు మూసుకుని కూలబడింది. మూడు ఆదివారాలూ అంతే.

"ఈమెకు ఆట రాదమ్మా," అని చెప్పేశాను.

"ఆట రాదా, విజిల్ పడదా? రెండూ ఒకటి కాదు గదప్పా," అన్నారు రుక్మిణమ్మగారు. "ఇంగో రకంగా చెప్పి చూడు. తొందరేముండాది?"

సిగ్గేసింది. విజిల్ మానేసి చెయ్యెత్తడం మొదలుపెట్టాను. నేను చెయ్యి దించితే ఆమె బంతి వదలాలి. రెండు నెలలకు కుదిరింది.

కోలారులో పోటీ పెట్టారు. సరస ఆటకు విజిల్ ఊదకుండా రుక్మిణమ్మగారు నిర్వాహకుల్ని ముందే ఒప్పించారు. కానీ ఆమె బంతి చేతిలోకి తీసుకోగానే పక్క కోర్టులో ఎవరో ఊదారు. సరస బంతిని కింద పడేసి, చెవులూ కళ్లూ మూసుకుంది. కోర్టు గీత దాటి కోచ్ లోపలికి వెళ్లకూడదు. బయటే చెయ్యెత్తి నిలబడ్డాను. చెయ్యి లాగుతోంది. ఆమె చూడటం లేదు.

గీత దగ్గర మునెప్ప కూర్చుని మెల్లగా పిలిచాడు. "అమ్మీ, నేనీడే ఉండాను. సారు పిలుస్తుండారు, చూడు."

కాసేపటికి కళ్లు తెరిచి, బంతి తీసుకుని నా వైపు చూసింది. చెయ్యి దించాను. బంతి నింపాదిగా దొర్లి తెల్ల బంతిని తాకి ఆగింది. రుక్మిణమ్మగారు కొంగుతో మొహం కప్పుకున్నారు.

సరసకు మూడో స్థానం వచ్చింది. బస్సెక్కబోతూ మునెప్ప నన్ను పక్కకు పిలిచాడు. "మా పక్క ఊర్లల్లో ఇట్లాంటోళ్లు ఇంగా ఇద్దరుండారు సార్. ఇంట్లో నుంచి బయటికే రారు. పిల్చుకొని వచ్చేదా?"

తర్వాత చాలా ఏళ్లు కోచ్‌గా ఉన్నాను. ఎవరికైనా ఏదైనా రాదని నోటిదాకా వచ్చినప్పుడల్లా, నేను ఎన్ని రకాలుగా చెప్పి చూశానో ముందు లెక్క చూసుకుంటాను. చాలాసార్లు ఒకే ఒక్క రకమని తేలుతుంది.