లోచో తింటున్న సుజాతక్క

ఒక్క ఫొటోతో అత్తాకోడళ్ల మధ్య చిచ్చు పెట్టి, కోడల్ని నలుగురిలో నవ్వులపాలు చేసి, తనకు తీరని చింత తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్ మీకు ఇంకెక్కడా దొరకదు. నమ్మకపోతే వినండి.

ఉద్యోగం మీద సూరత్ రాకముందు నేను చెరువు గట్టున కూర్చుని కొంగల్ని ఫొటోలు తీసేదాన్ని. కొంగ కదలదు, వెనకాల ఆకాశం తప్ప ఎవరూ ఉండరు. ఇక్కడి బట్టల మార్కెట్‌లోనూ అదే పద్ధతిలో కెమెరా కంటికి ఆనించి, జనం పలచబడ్డాక నొక్కుదామని కాచుకున్నాను. అక్కడ జనం పలచబడటమంటే తాపీ నది ఎండిపోవడమే. చీరల మూటలు లాగేవాడు నన్నూ ఒక మూటే అనుకుని పక్కకు నెట్టేశాడు.

సూరత్‌లో నేనుండే పర్వత్ పాటియా పేటలో మా పక్కింటి సుజాతక్కే నాకు దారి చూపింది. సిరిసిల్ల నుంచి వచ్చి మరమగ్గాలు నడుపుకునే కుటుంబం వాళ్లది. "గట్ల తుపాకి లెక్క ఎత్తితే ఎవలు నిలవడ్తరు? జర కిందికి పట్టుకో, ముచ్చట వెట్టుకుంట తియ్యి" అంది. కెమెరాను పొట్ట దగ్గర పెట్టుకుని, చూడకుండా నొక్కడం నేర్చుకున్నాను.

అలా కుదిరిన మొదటి మంచి ఫొటో ఆమెదే. రద్దీ మధ్యలో సూరత్ వాళ్లు ఇష్టంగా తినే లోచో వేడివేడిగా బుగ్గన పెట్టుకుని, శనగపిండి అంటిన వేళ్లతో పగలబడి నవ్వుతోంది.

బతుకమ్మకు ఇక్కడి మన తెలుగువాళ్లు హాలు తీసుకున్నప్పుడు దాన్ని తలుపంత చేయించి గోడకు తగిలించాను. ఆమెకు చెప్పలేదు, సంతోషపెడదామనుకున్నాను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, అడగకుండా తగిలించిన ఫొటో చిచ్చు పెడుతుంది.

సుజాతక్క అత్తగారు దాని ముందు చాలాసేపు నిలబడింది. మెచ్చుకుంటోందని నేను పూరీలా పొంగిపోయాను. ఎప్పుడు తీశావని అడిగింది.

"పోయిన శనివారం, మిట్టమధ్యాహ్నం. ఆ ఎండ చూడండి" అన్నాను.

ఆవిడ మోకాలి నొప్పి తగ్గాలని కోడలు శనివారాలు పొద్దుగూకేదాకా పచ్చిగంగ ముట్టకుండా ఒక్కపొద్దు ఉంటోందని నాకేం తెలుసు?

పెద్దావిడ కోడలి వైపు చూడలేదు. తన కాలి వైపు చూసుకుంది. "గందుకేనా నాకు తగ్గుతలేదు" అంది మెల్లగా.

హాలంతా నవ్వింది. సుజాతక్క నవ్వలేదు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు క్షమించమని అడగబోతే టీ ఇచ్చి మాట మార్చింది.

ఇప్పటికీ ఇద్దరం మార్కెట్‌కు వెళ్తాం. కానీ నేను కెమెరా తీయగానే కొంగు సర్దుకుని, ఆధార్ కార్డు మొహం పెట్టి నిటారుగా నిలబడుతుంది.

"తియ్యి. ఇయ్యాల మంగళారం, తినే వచ్చిన" అంటుంది.

ఆ నవ్వు మళ్లీ నాకు దొరకలేదు.

కనుక సర్వజనుల ఎదుట ప్రమాణం చేస్తున్నాను: నములుతున్న నోటిని, ఆ రోజు ఏ వారమో కనుక్కోకుండా ఈ జన్మలో ఫొటో తీయను. ఒకవేళ తీసినా, ఎవరి అత్తగారికీ చూపించను.