గన్నిల్డ్ గుమ్మం ముందు పచ్చకొమ్మ

సెవెర్న్ ఏటి ఒడ్డున బీరు కాచుకుని బతికే గన్నిల్డ్‌కు చాలాకాలం రెండే భయాలుండేవి. ఒకటి పీపా పులిసిపోవడం, రెండోది ఊరి బీరు పరీక్షకుడు వుల్‌ఫ్రిక్ నాలుక. వారసుడెవరో తేల్చకుండా రాజుగారు కన్నుమూశాక మూడో భయం వచ్చిపడింది. కూతురు రోహేస్ ఒక ఊళ్ళో కిరీటం పెట్టుకుంది. తమ్ముడి కొడుకు ఆబ్రీ ఇంకో ఊళ్ళో పెట్టుకున్నాడు. ఇద్దరి నెత్తినా పట్టాభిషేకపు నూనె పోసింది ఒకే బిషప్పు. ఆ తిరుగుళ్ళకు ఆయన అలిసింది లేదు, గుర్రమే చచ్చింది.

కొత్త బీరు దిగితే గుమ్మం ముందు గడకు పచ్చకొమ్మ కట్టాలి. పరీక్షకుడు రుచి చూసేదాకా చుక్క అమ్మకూడదు. గన్నిల్డ్ ఆ రోజూ కొమ్మ కట్టింది. రోహేస్ మనుషులు ఆ వారమే తమ పక్షానికి గుర్తుగా పచ్చకొమ్మలు పెట్టుకున్నారని ఆమెకు తెలియదు.

వుల్‌ఫ్రిక్ గరిటె ముంచాడో లేదో వీధిలో గుర్రాల డెక్కలు వినిపించాయి. ఆబ్రీ సముద్రం అవతల నుంచి తెచ్చుకున్న కిరాయి సైనికులు! వీధి మొదట్లో నేతగాడి ఇల్లు అప్పటికే మండుతోంది. వుల్‌ఫ్రిక్ గరిటెతో సహా పీపా వెనక నక్కాడు.

నాయకుడు కత్తితో కొమ్మను చూపించాడు. "రోహేస్ కొంపా ఇది?"

"కాదు బాబూ, బీరు కొంప! కొత్తది దిగితే కొమ్మ కడతాం."

"మేం ద్రాక్షసారా తాగేవాళ్ళం. పీపా మీద సుద్దగీత గీస్తాం, చెట్లు కట్టం. ఎవరికి చెబుతున్నావే ముసలీ? ఒరేయ్, కాగడా పట్రా!"

గన్నిల్డ్ పీపా వైపు తిరిగింది. "వుల్‌ఫ్రిక్! నువ్వైనా చెప్పవయ్యా, నీకు పుణ్యముంటుంది!"

వుల్‌ఫ్రిక్ పాక్కుంటూ వచ్చాడు. మెడమీద కత్తి ఆనింది. ఏం చేయాలో తోచక చేతిలో ఉన్న గరిటెడూ తాగేశాడు. ముప్ఫై ఏళ్ళ అలవాటు, ముఖం ముడుచుకుపోయింది.

"నీళ్ళు కలిపావే! కల్తీకి శిక్షగా రేపు నిన్ను కుర్చీకి కట్టి ఏట్లో ముంచించకపోతే నా పేరు వుల్‌ఫ్రిక్కే కాదు!"

"ముంచవయ్యా తండ్రీ! రెండుసార్లు ముంచు!" అని ఏడ్చింది గన్నిల్డ్.

నాయకుడు ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. "కత్తి కింద కూడా బీరు కోసం తన్నుకునే మీకు రాణులతో ఏం పని!" అని కాగడా పక్కకు తీయించాడు. తనూ ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. "ముంచాల్సిందే."

పోతూపోతూ పీపాలన్నీ పట్టుకుపోయారు.

మర్నాడు వుల్‌ఫ్రిక్ మాట తప్పలేదు. మొదటి మునక నుంచి తేలిన గన్నిల్డ్ ఒడ్డు వైపు చూసింది. నేతగాడి ఇంటి మీంచి ఇంకా పొగ లేస్తోంది.

"ఇంకాసేపు ఉంచయ్యా," అంది పళ్ళు కొట్టుకుంటుంటే. "ఇక్కడైతే ఎవడూ నిప్పంటించలేడు."