కుక్కల కోసం ఆగిన బండి

డిసెంబరు, గురువారం. ఉతికిన బట్టలు మేడ మీద ఆరేశాను. రేపటి ఇడ్లీకి పప్పు నానబోశాను. గ్యాస్ సిలిండర్ మార్పించాను. ఇస్త్రీ మాత్రం మిగిలిపోయింది, మధ్యలో ఫోన్ వచ్చింది. మావారి ఆఫీసులో పనిచేసే ఒకాయన చేశారు. "మన పాత డ్రైవర్ పోయాడటమ్మా, వాళ్ళ ఊళ్ళోనే. పాపం, ఏనాడూ ఎదురు చెప్పని మనిషి" అన్నారు.

పోయాడన్న మాటకు ఏడుపొచ్చింది. ఆ తరువాతి మాటకు ఒళ్ళు మండింది. ఇస్త్రీ పెట్టె ఆపేసి ఇది రాయడానికి కూర్చున్నాను.

గల్ఫ్‌లో, దోహా నగరంలోని ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో మేముండే బిల్డింగులో కింది గదిలో ఉండేవాడు ఆ డ్రైవర్. కరీంనగర్ వైపు మనిషి. మాది కృష్ణా జిల్లా. అయినా అతనికి నేను చెల్లెను, మావారు బావ. నాకతను అన్నయ్య. మావారికీ అన్నయ్యకీ ఆఫీసులో పైవాడైన విదేశీ మేనేజరుకు రెండు కుక్కలుండేవి. వాటిని తిప్పడం కూడా అన్నయ్య డ్యూటీయే. మా ఇంటికి టీకి వచ్చే ముందు కింద కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కునేవాడు. ఎవరూ అడగకముందే "కడుక్కున్న చెల్లె" అని చేతులు తిప్పి చూపించేవాడు.

బిల్డింగులో ఫోన్ మా ఇంట్లోనే ఉండేది. అందరి ఊళ్ళ కబుర్లూ మాకే వచ్చేవి. కొన్నేళ్ళ కిందట, చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున, మేనేజరు తన భార్యనూ కుక్కలనూ తీసుకుని సముద్రపు ఒడ్డుకు బయల్దేరాడు. మంచాలు, వంటగది అన్నీ లోపలే ఉన్న పెద్ద కారవాన్. నడిపేది అన్నయ్యే. వాళ్ళు వెళ్ళాక అన్నయ్య తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేశాడు.

"అవ్వ పోయింది అక్కా. అన్న వచ్చేదాంక ఉంచుతం. గని అన్నకు ఇప్పుడే చెప్పకుండ్రి, అంత దూరం ఒక్కడు రావాలె. పానం మంచిగ లేదని చెప్పి తోలియ్యుండ్రి."

అవ్వంటే వాళ్ళ వైపు అమ్మ. అన్నయ్య పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో, తాళంచెవి మేనేజరు జేబులో. మావారూ నేనూ కారులో, వాళ్ళు వెళ్ళిన దుఖాన్ రోడ్డు పట్టుకున్నాం. కుక్కల కాళ్ళు పట్టేస్తాయని మాటిమాటికీ ఆపుతారు కాబట్టి, ఒక పెట్రోలు బంకు పక్కన దొరికారు. అన్నయ్య రెండు గొలుసులు పట్టుకుని వాటిని తిప్పుతున్నాడు.

మావారు తమ్ముడు చెప్పమన్నట్టే చెప్పారు, తల్లికి ఒంట్లో బాగోలేదని. మేనేజరు వాచీ చూసుకున్నాడు. "రేపు సాయంత్రం తిరిగి వెళ్ళాక పాస్‌పోర్టు ఇస్తాను. అక్కడ డాక్టర్లున్నారుగా" అన్నాడు.

అన్నయ్య నా ముఖమే చూస్తున్నాడు. "నాకు సమజైంది చెల్లె. ఆయనకు సమజయ్యేటట్టు చెప్పు."

నేనే చెప్పాను, నాకొచ్చిన ఇంగ్లీషులో, ఒక్క ముక్క. తల్లి చనిపోయిందని కొడుకు ఎదురుగా అంత మొరటుగా మనలో ఎవరూ చెప్పరు. నాతో చెప్పించారు.

దానికి మేనేజరు ఏమన్నాడో తెలుసా? "మరి అబద్ధం ఎందుకు చెప్పారు? పోయిందని ముందే చెబితే తాళం ఇచ్చేవాణ్ణి కదా" అన్నాడు. ఈ రోజుకీ తలుచుకుంటే మండుతుంది. దారిలో మనిషి కూలిపోకూడదని మేమొక మాట దాచాం. అది అబద్ధమట! జబ్బుపడ్డ తల్లిని చూడటానికి కదలని తాళంచెవి, శవాన్ని చూడటానికైతే కదులుతుందట. అది న్యాయమట! ఆ పాస్‌పోర్టులో ఫోటో ఎవరిది? సంతకం ఎవరిది? ఆ తాళం ఆయన జేబులో ఎందుకుండాలి?

అప్పుడు ఎదురు చెప్పాడు అన్నయ్య. ఎదురు చెప్పని మనిషి అంటున్నవాళ్ళంతా వినండి. రోజూ ఏదో ఇంగ్లీషుతో నెట్టుకొచ్చేవాడు, ఆ రోజు తెలుగులోనే అన్నాడు.

"పొద్దుగాల్నుంచి నీ కుక్కల కోసం మూడుసార్లు బండి ఆపిన సార్. మా అవ్వ కోసం ఒక్కసారి మలుపుత."

మావారు ఆ మాటను ఇంగ్లీషులో మెత్తగా చెప్పబోయారు. "నీళ్ళు కలపకు బావా. ఉన్నదున్నట్టు చెప్పు" అని గద్దించాడు. తన ఉద్యోగం ఏమవుతుందోనని భయమున్నా, మావారు ఉన్నదున్నట్టే చెప్పారు.

మేనేజరు బండెక్కి వెనక కూర్చున్నాడు. బండి దోహా వైపు తిరిగింది. అన్నయ్యకు తోడుగా నేను ముందు సీట్లో కూర్చున్నాను. మావారు కారులో వెనకాలే వచ్చారు. సగం దారిలో కుక్కలు కుయ్యిమన్నాయి. అన్నయ్య బండి పక్కకు తీశాడు.

"ఇప్పుడు కూడానా అన్నయ్యా!"

"వాటి తప్పేమున్నది చెల్లె? పాపం, అవి అడిగినయి."

గొలుసులు పట్టుకుని ఇసుకలో నిలబడి, అవి పని కానిచ్చుకునేదాకా ముఖం అటు తిప్పుకుని ఏడ్చాడు. మేనేజరు అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. దిగి ఒక్క గొలుసైనా అందుకోలేదు. పెంచుకునేది తనే కదా!

దోహా చేరాక బీరువా తెరిచారు, పాస్‌పోర్టు చేతికొచ్చింది. ఆ రాత్రే విమానం ఎక్కించాం. తల్లి చావుకబురు కొడుకు ముఖం మీద చెప్పినదాన్ని, రేపు ఎలా ఎదురుపడాలా అని నేను కుమిలిపోతూనే ఉన్నాను.

కర్మలన్నీ ముగించుకుని వచ్చిన రోజు, గుండుతో, చేతిలో పెట్టెతో, తన గదికి కూడా పోకుండా మా గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"చూసిన చెల్లె. ముఖం చూసిన. నీకు బాకీ వడ్డ."

తరువాత కూడా ఆ మాట చాలాసార్లు అన్నాడు. అన్నప్పుడల్లా నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడు రాసి పెడుతున్నాను అన్నయ్యా: ఆ బాకీ ఆ రోజే, ఆ గుమ్మంలోనే చెల్లు.