సినిమాలో లేని గడప

నిరుడు మామిడి కోతల రోజుల్లో ఒక సినిమాను చీల్చి చెండాడుతూ వ్యాసం రాయడానికి కూర్చున్నాను. చాలా ఏళ్ళుగా నాకిష్టమైన ఒక మాయా నవలను సినిమా తీశారు. నవలలో ఒక మంత్రగాడి శాపానికి రాజ్యంలోని జనమంతా నడుము దాకా రాళ్ళైపోతారు. రాజకుమారుడు ఎక్కడో అడవిలోని ఊటనీళ్ళు కడవతో మోసుకొస్తాడు. కోట చేరేసరికి అతని కాళ్ళు కూడా రాయవుతాయి. నీళ్ళు జనానికి సరిపోతాయి గాని తనకు చుక్క మిగలదు. సింహాసనానికి చక్రాలు బిగించమని, కోటలో గడపలన్నీ తీసేయమని ఆజ్ఞ ఇస్తాడు. నవల అక్కడితో అయిపోతుంది.

సినిమాలో ఆకాశం చీలి దేవత దిగింది. రాజకుమారుడు లేచి గుర్రమెక్కాడు. పాట వచ్చింది. నవల రాసినాయన ఇప్పుడు లేడు కాబట్టి బతికిపోయాడనుకున్నాను.

మా నాన్న ఆగిరిపల్లిలో ఆదివారం చర్చలు నడిపేవాడు. ముహూర్తాలు కావాలా, దేవుడున్నాడా, అన్నీ వచ్చేవి. ఒకటే నియమం. అవతలి పక్షం వాదాన్ని ముందు మనమే చెప్పాలి. వాళ్ళు "ఔను, మేమన్నదిదే" అని ఒప్పుకున్నాకే ఖండించాలి. పదమూడో ఏట నుంచి ఆ చర్చల్లో గొంతు చించుకున్నదాన్ని. ఖండించడం బాగా అబ్బింది. మొదటి సగం మాత్రం ఎప్పుడూ, వాళ్ళు ఔననేదాకా ఆగకుండా, తొందరగా కానిచ్చేసేదాన్ని. ఈ వ్యాసంలో దాన్ని అసలు మొదలే పెట్టలేదు.

రెండు పేజీలు నిండాక ఒకావిడ వచ్చింది. మా తోట షెడ్డులో కాయలు సైజుల వారీగా వేరుచేస్తుంది. ఆమె భర్త మా తోటలో పన్నెండేళ్ళు కాయ కోశాడు. అంతకు రెండు వేసవుల ముందు చిన్నరసాల చెట్టు మీద నుంచి, కొమ్మ విరిగి, పడ్డాడు. నడుము కింద స్పర్శ లేదు. ఇక నడవడని పెద్ద డాక్టర్లు తేల్చేశారు.

"టీచరుగారూ, మా ఆయన మిమ్మల్ని ఒకసారి రమ్మంటున్నాడండీ. ఆ సినిమా పుస్తకం మీ దగ్గరుందంట కదా" అంది. ముందురోజు ఆమె తమ్ముళ్ళిద్దరూ అతన్ని ఎత్తుకుని ఆటోలో నూజివీడు తీసుకెళ్ళి మ్యాట్నీ చూపించారట. పడిన తర్వాత ఆసుపత్రికి కాకుండా ఇల్లు దాటడం అదే మొదలు.

వెళ్ళాను. చక్రాల కుర్చీ గోడకు ఆనించి ఉంది, దాని మీద తడిబట్టలు ఆరేసి ఉన్నాయి. వాకిలి వెడల్పు సరిపోతుంది గాని, కింద పసుపు రాసిన చెక్క గడప జానెడు ఎత్తుంది. కుర్చీ దాన్ని దాటదు. మనిషి మంచం మీద ఉన్నాడు.

"ఒకటే మాటండీ. పుస్తకంలో కూడా లేచి నడుస్తాడా?"

పొయ్యి దగ్గర ఆమె గరిటె ఆగిపోయింది. నేను ఓదార్పు అబద్ధాల మీద నలభై ఏళ్ళు ఉపన్యాసాలిచ్చినదాన్ని. కానీ ఆ చెట్టు మాది.

"నడుస్తారు" అన్నాను. నవలలో రాజకుమారుడికి కూడా నా నోట మర్యాద పెరిగింది.

"అయితే మొత్తం చదివి పెట్టండి. నాకు అక్షరాలు రావు కదా."

అలా రోజూ పొద్దున పదింటికి వెళ్ళి చదివాను. మంత్రగాడు దొరికిపోయే చోట అతను పడీపడీ నవ్వేవాడు. "మన తోటకొచ్చే కోతుల్లాగున్నాడండీ వీడు" అనేవాడు. ఆ పది రోజులూ నాకెంత బాగున్నాయో చెప్పలేను. పుస్తకం అంత శ్రద్ధగా వినే మనిషి నాకు తరగతి గదిలో కూడా దొరకలేదు.

పదో రోజు ఆమె నన్ను వాకిట్లో ఆపింది. ఎవరో స్వామీజీ, కాళ్ళు పడిపోయినవాళ్ళను నడిపిస్తాడట. గురువారానికి కారు మాట్లాడారట.

"డాక్టర్లు చెప్పారు కదమ్మా."

"మీరే కదండీ నడుస్తాడని చెప్పారు! మా అత్తకి కూడా అదే చెప్పాను. దేవుణ్ణి కూడా నమ్మని టీచరుగారే, పుస్తకంలో ఉందని చెప్పారూ అని."

నా అబద్ధం స్వామీజీకి సాక్ష్యమైంది. ఇంటికి నడిచాను. నిజం చెప్పాలని తెలుసు. అయినా ఆ సాయంత్రం కూర్చుని ఒక ముగింపు తయారుచేసుకున్నాను. దేవత లేదు. ఊటనీళ్ళు ఒక గుక్క మిగిలాయి. ఆ గుక్కతో రాజకుమారుడు రెండడుగులు వేస్తాడు. నా మటుకు నాకు అది హేతుబద్ధంగానే కనిపించింది!

బుధవారం ఆఖరి ప్రకరణం. పుస్తకం తెరిచి, తయారుచేసుకున్నది చెప్పుకుంటూ పోయాను. గుక్కెడు నీళ్ళ దాకా వచ్చేసరికి అతను చెయ్యెత్తాడు.

"ఆగండి. మీరు చదవట్లేదు."

"చదువుతున్నాను కదండీ."

"పది రోజుల్నుంచి చూస్తున్నాగా. చదివేటప్పుడు మీ కళ్ళు మగ్గం మీద నాడెలాగా అటూ ఇటూ తిరుగుతాయి. ఇవాళ ఒక్కచోటే నిలబడ్డాయి. చెట్టు కింద నిలబడి ఆకుల్లో కాయ ఎక్కడుందో చెప్పేవాణ్ణండీ నేను. మీ కళ్ళు కనిపెట్టలేనా?" పుస్తకం వైపు వేలు చూపించాడు. "నన్ను నడిపించటానికి మీరు కూడా బయల్దేరారా? స్వామీజీ ఒకడు చాలడా?"

అప్పుడు అసలుది చదివాను. నీళ్ళు అయిపోవడం, కాళ్ళు రాయిగానే ఉండిపోవడం, సింహాసనానికి చక్రాలు, గడపలు.

"ఆ గడపల సంగతి మళ్ళీ చదవండి" అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు. తర్వాత పుస్తకాన్ని వదిలేసి తన వాకిలి వైపు చూశాడు.

ఆమె మాత్రం నా వైపు చూసింది. "చెట్టూ మీదే, అబద్ధమూ మీదేనా టీచరుగారూ?"

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

"ఏమేవ్, ఆవిణ్ణి వదిలెయ్" అన్నాడతను. "మనం ఈ గడప తీయిద్దాం."

"గడప తీస్తారా ఎవరైనా? లక్ష్మి వచ్చే చోటయ్యా అది!"

"లక్ష్మికేం, కాళ్ళున్నాయి, ఎలాగైనా వచ్చుద్ది. నా సంగతి చెప్పు."

లక్ష్మి మీద నా దగ్గర మంచి వాదనే ఉంది. నోరు తెరిచాను. "మీరుండండి, ఇది మా ఇంట్లో మాట" అన్నాడు. నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను చేసిన మంచి పనుల్లో అదొకటి. ఆమె గిన్నెలు తీసుకుని బయటికి పోయింది.

అప్పుడు అతను గొంతు తగ్గించి చెప్పాడు. "ఆ సినిమాని తిడతా ఏదో రాస్తున్నారంట. తిట్టండి. కానీ నేను పడ్డాక మా ఆవిడ ఒక్కసారి కూడా ఏడవలేదండీ. ఆసుపత్రిలో కూడా ఏడవలేదు. హాల్లో వాడు లేచి నిలబడగానే నా చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తింది. పుస్తకం చదివితే ఏడ్చేది కాదు. అది కూడా రాయండి."

గురువారం కారు రాలేదు, వడ్రంగి వచ్చాడు. ఎవరు పిలిచారని నేనడగలేదు. ఆమె గడపకు ఆఖరిసారి పసుపు రాసి, బొట్లు పెట్టి, దండం పెట్టి, "ఊఁ, కొయ్యి" అంది. రంపం కిందకు పోయేదాకా ముఖం అటు తిప్పుకుంది. కోసిన చెక్కను వడ్రంగి చేత ఏటవాలుగా చెక్కించి, వాకిలి బయట మెట్టు అంచున వేయించింది. మర్నాటి నుంచి పసుపు దానికి రాయడం మొదలుపెట్టింది.

ఆ పసుపు మీదుగా కుర్చీ దిగుతుంది. మా షెడ్డుకొచ్చినప్పుడు చక్రాలు పచ్చగా ఉంటాయి. సొన అంటిన కాయలూ, దెబ్బ తగిలిన కాయలూ అతను చేత్తో తాకి పక్కకు తీసేస్తాడు. మిగతావాళ్ళు ట్రేలు విసిరేస్తే కేకలేస్తాడు. తిట్లు కూడా బాగానే తిడతాడు. పసుపు చక్రాలను చూసి ఇప్పటిదాకా నేను మూఢనమ్మకం అన్న మాట ఎత్తలేదు.

ఆ వ్యాసాన్ని చించి, ఈ వేసవిలో మళ్ళీ రాశాను. ఈసారి సినిమా పక్షం ముందు పెట్టాను. కట్టుకున్నవాడు లేచి నిలబడటం ఒక్కసారైనా కళ్ళారా చూడాలనుకునే ఆడమనిషి కోసం ఆ ముగింపు మార్చారు అని రాసి, షెడ్డులో అతనికి చదివి వినిపించాను. చదువుతున్నంతసేపూ నా కళ్ళ వైపే చూశాడు.

"ఔను, నేనన్నదిదే" అన్నాడు.

మా నాన్న చర్చలు మొదలుకుని ఇన్నేళ్ళ వాదనల్లో అవతలివాళ్ళ చేత నేను ఆ మాట ఎప్పుడూ అనిపించలేదు. మా నాన్నకీ, అతనికీ ఇద్దరికీ దండం పెట్టాలనిపించింది. అలవాటు లేక పెట్టలేదు.

పక్కన కాయలు తుడుస్తున్న ఆమె తలెత్తకుండానే అంది: "ఆ గడప సినిమాలో కూడా పెట్టుంటే బాగుండేదని రాయండి. మాకు రెండు వారాలు కలిసొచ్చేది."

రాశాను.